ఇనుము ఎత్తే పనిలో దెబ్బలు: కిలోల లెక్క ఒక్కటే ఎందుకు సరిపోదు

50 కిలోల బియ్యం బస్తాని అవలీలగా భుజాన వేసుకునే మనిషి, 24 కిలోల ఇనుప ప్లేటు ఎత్తబోయి నడుం పట్టుకుని కూర్చుండిపోయాడంటే చాలామంది నమ్మరు. పని తప్పించుకోడానికి నాటకం అంటారు. నేను కొన్నేళ్లు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో లెక్కలు చూశాను, అక్కడ ఈ మాట చాలాసార్లు విన్నాను, మొదట్లో నేనూ సగం నమ్మాను. అది నాటకం కాదని, దాని వెనక చాలా మామూలు లెక్క ఒకటి ఉందని తెలిశాక, ఆ లెక్క మేస్త్రికీ యజమానికీ హమాలీకీ ముగ్గురికీ తెలిస్తే ఎన్ని నడుములు, ఎన్ని వేళ్లు మిగిలేవో అనిపించింది.

దీనికి తోడు 2025 నవంబర్ 21న కేంద్రం పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చాక, దెబ్బ తగిలితే పరిహారం ఏ చట్టం కింద వస్తుంది, పాతది ఉందా పోయిందా అన్న అయోమయం కూడా మొదలైంది. అందుకే ముందు దెబ్బ ఎలా తగులుతుందో, ఆ తర్వాత డబ్బు సంగతి ఏంటో వరసగా చూద్దాం.

ఒక్క మాట ముందే. ఇది సీసం, పాదరసం లాంటి విష లోహాలు ఒంట్లోకి చేరడం గురించి కాదు. రాడ్లు, ప్లేట్లు, యాంగిళ్లు, చానళ్లు, పైపులు, షీట్లు, అంటే గాజువాక ఆటోనగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, జీడిమెట్లలోనో రోజూ లారీల నుంచి దిగే సరుకును చేత్తో, తాడుతో, క్రేన్‌తో కదిలించేటప్పుడు తగిలే దెబ్బల గురించి.

కంటికి చిన్నగా కనపడే బరువు

ఇంట్లో 15 లీటర్ల బకెట్ నిండా నీళ్లు పడితే 15 కిలోలు. అదే బకెట్‌ను నిండుగా ఇనుముతో పోత పోస్తే దాదాపు 118 కిలోలు, ఎందుకంటే ఒక ఘనపు మీటరు స్టీలు 7,850 కిలోలు తూగుతుంది, నీళ్లు 1,000 కిలోలే. మన కన్ను వస్తువు సైజు చూసి బరువు ఊహిస్తుంది, ఒళ్లు ఆ ఊహకు తగ్గట్టు సిద్ధమవుతుంది. ఇనుము దగ్గర ఆ ఊహ ప్రతిసారీ తక్కువకే పోతుంది.

బరువు కనుక్కోవడానికి తూకం కూడా అక్కర్లేదు. రాడ్డు మందాన్ని ఎంఎంలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. సైట్ ఇంజినీర్లు, ఇనుప కొట్టు గుమస్తాలు రోజూ వాడే లెక్కే ఇది, కాకపోతే బిల్లు వేయడానికి వాడతారు, మోసేవాడికి చెప్పడానికి వాడరు. 12 ఎంఎం రాడ్డు మీటరుకు 0.89 కిలోలు, 12 మీటర్ల పూర్తి రాడ్డు 10.7 కిలోలు. ఐదు రాడ్లు కలిపి భుజానికెత్తితే 53 కిలోలు దాటింది. 25 ఎంఎం అయితే ఒక్క రాడ్డే 46 కిలోలు, చూడటానికి అది బొటనవేలంత మందం.

షీటుకైతే ఇంకా తేలిక. 1 ఎంఎం మందం ఉన్న చదరపు మీటరు షీటు 7.85 కిలోలు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీటు దాదాపు 3 చదరపు మీటర్లు, కాబట్టి 2 ఎంఎం అయితే 47 కిలోలు, 6 ఎంఎం అయితే 140. ఇద్దరు పట్టుకునే 2 ఎంఎం షీటుకూ, క్రేన్ లేకుండా ముట్టుకోకూడని 6 ఎంఎం ప్లేటుకూ మధ్య మందంలో తేడా 4 ఎంఎం మాత్రమే.

చేతిలో 20 కిలోలు, నడుములో 200

గడ్డపారతో బండ లేపేటప్పుడు ఏం చేస్తాం? మనం పొడుగు వైపు పట్టుకుంటాం, బండ పొట్టి వైపు ఉంటుంది, అందుకే తక్కువ బలంతో పెద్ద బండ లేస్తుంది. వంగి బరువు ఎత్తేటప్పుడు మన నడుములో సరిగ్గా దీనికి తలకిందులు జరుగుతుంది. బరువు పొడుగు వైపు, అంటే వెన్నెముకకు ముందు అరమీటరు దూరంలో చేతుల్లో ఉంటుంది. దాన్ని లాగిపట్టాల్సిన వీపు కండరాలు పొట్టి వైపు, వెన్నెముక మధ్యకు వెనక సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి.

లెక్క వేయండి. 20 కిలోల వస్తువు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కండరం పదింతలు, అంటే 200 కిలోల బలంతో లాగాలి. ఇందులో మన తల, ఛాతీ, చేతుల బరువు ఇంకా కలపలేదు. ఆ ఒత్తిడంతా నడుం కింది భాగంలో ఎముకల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ మీద పడుతుంది. అదే వస్తువును ఒంటికి ఆనించి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే కండరం లాగాల్సింది సగానికి, 100 కిలోలకు తగ్గిపోతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బియ్యం బస్తా ఒంటికి అతుక్కుంటుంది, మెత్తగా ఒదుగుతుంది, ఎక్కువసార్లు వేరేవాళ్లు ఎత్తితే భుజానో వీపునో పెట్టుకుంటాం. ప్లేటు ఒదగదు. అంచు కోసుకుంటుందని, మసి, నూనె అంటుతుందని ఒంటికి దూరంగానే పట్టుకుంటాం. పైగా అది నేల మీద ఉంటుంది, పట్టుకోడానికి పిడి ఉండదు. తక్కువ కిలోలే అయినా నడుముకు ఎక్కువ శిక్ష పడేది అందుకే.

ఎంత బరువు దాకా పర్వాలేదు: 55 అనేవాళ్లు, 23 అనేవాళ్లు

2025 నవంబర్‌లో కొత్త కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం, 1948లో సెక్షన్ 34 ఉండేది. ఎవరికైనా గాయం అయ్యేంత బరువును వాళ్లచేత ఎత్తించకూడదు అని ఆ సెక్షన్ చెప్పింది, ఎన్ని కిలోలో మాత్రం రాష్ట్రాల రూల్స్‌కు వదిలేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫార్సులో మగవాళ్లకు 55 కిలోల హద్దు కనిపిస్తుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1991లో సవరించిన లెక్కలో మొదలుపెట్టడమే 23 కిలోలతో.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం అనుకుంటారు గానీ, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. 55 అనేది ఇది దాటొద్దు అని చెప్పే గీత, చూడటానికి సులువు, తనిఖీకి వచ్చినవాడు తూకం వేసి చెప్పేయగలడు. 23 అనేది అన్నీ సవ్యంగా ఉన్నప్పటి అంకె, అక్కడి నుంచి దూరం, ఎత్తు, తిరగడం, పట్టు, ఎన్నిసార్లు అన్నవాటిని బట్టి తగ్గించుకుంటూ పోవాలి. గీత ఒక్కటే చాలదని నా అభిప్రాయం, ఎందుకో ఒక ప్లేటుతో చూద్దాం.

షెడ్డు స్తంభాల కింద వేసే బేస్ ప్లేటు, 60 సెంటీమీటర్లకు 50, మందం 10 ఎంఎం. బరువు 23.5 కిలోలు. 55 గీత ప్రకారం ఇది సగం కూడా కాదు. నియోష్ లెక్కలో పెట్టండి: చేతులు ఒంటికి 45 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి 23 కాస్తా 12.8 అవుతుంది. నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో మొదలుపెట్టి నడుం ఎత్తుకు లేపాలి, అందుకు ఇంకొంత కోత, పిడి లేదు కాబట్టి ఇంకొంత. చివరికి తేలేది దాదాపు 8.5 కిలోలు. ఎత్తుతూనే పక్కకు 45 డిగ్రీలు తిరిగితే 7 దగ్గరికి వస్తుంది. అంటే మనం ఇస్తున్న బరువు ఇవ్వదగినదానికి మూడింతలు.

అదే ప్లేట్లను నేల మీద కాకుండా 75 సెంటీమీటర్ల ఎత్తున్న స్టాండ్ మీద పెట్టి, ఒంటికి 30 సెంటీమీటర్ల దగ్గరకు లాక్కుని తీస్తే లెక్క 17 కిలోలు దాటుతుంది. ఇంకా 23.5 కంటే తక్కువే, ఇద్దరు పట్టాల్సిందే, కానీ ఎవరికీ కొత్త బలం రాకుండా, ఒక్క కిలో తగ్గకుండా, పాత యాంగిళ్లతో వెల్డింగ్ చేసుకున్న ఒక స్టాండ్‌తో మాత్రమే రెట్టింపు వెసులుబాటు వచ్చింది. ఈ లెక్క చూసినప్పుడల్లా మా షెడ్డులో నేల మీద పడి ఉండే ప్లేట్లు గుర్తొచ్చి బాధేస్తుంది.

వేళ్లు పోయేది, కాళ్లు చితికేది ఎక్కడ

నడుము దెబ్బ నెమ్మదిగా రావచ్చు. చేతులకూ కాళ్లకూ తగిలేవి మాత్రం రెప్పపాటులో అయిపోతాయి, అవి తగిలే చోట్లు కూడా దాదాపు ఎప్పుడూ అవే.

మొదటిది దింపే క్షణం. ఎత్తేటప్పుడు అందరికీ జాగ్రత్త ఉంటుంది, దింపేటప్పుడు ఒకడు ముందు వదిలేస్తాడు, రెండోవాడి వేళ్లు కింద ఉండిపోతాయి. కింద రెండు చెక్క దిమ్మెలు వేసి ఉంటే వేళ్లు బయటికి రావడానికి సందు ఉంటుంది, తర్వాత తాడు దూర్చడానికి కూడా పనికొస్తుంది. రెండోది కట్ట విప్పే క్షణం: బిగించిన ఇనుప పట్టీ కత్తిరించగానే కొరడాలా ఎగురుతుంది, లోపల అదిమిపెట్టి ఉన్న రాడ్లు ఒక్కసారి విచ్చుకుంటాయి, పైపులైతే దొర్లుతాయి. లారీ పక్క తలుపు తీసేవాడు సరిగ్గా ఆ దొర్లే దారిలోనే నిలబడి ఉంటాడు.

మూడోది తాడు కోణం, ఇది చాలామంది క్రేన్ ఆపరేటర్లకు అనుభవం మీద తెలుసు గానీ కింద తాడు కట్టే కుర్రాడికి తెలియదు. 1 టన్ను కట్టను రెండు తాళ్లతో ఎత్తుతున్నారనుకోండి. తాళ్లు నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద 500 కిలోలు. తాడు పొట్టిదై, సరుకుతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద 577. 45 డిగ్రీలైతే 707. 30 డిగ్రీలకు పడుకుంటే ఒక్కో తాడు మీద పూర్తి 1,000 కిలోలు. నిన్న ఇదే బరువు ఎత్తిన తాడు ఇవాళ తెగిందంటే, తాడు పాతబడటమే కారణం కానక్కర్లేదు, ఇవాళ పొట్టి తాడు కట్టి ఉండొచ్చు.

నాలుగోది బరువుతో సంబంధం లేనిది, పొడవుతో సంబంధం ఉన్నది. మన ఊళ్లలో ఇళ్లకు ఆనుకుని కరెంటు తీగలు పోతుంటాయి. పై అంతస్తుకు రాడ్డును నిలువుగా అందించేటప్పుడు అది ఊగి 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల తీగకు తగిలితే, పట్టుకున్నవాళ్లంతా ఒకేసారి పడిపోతారు. తీగకు తగలడం కాదు, చాలా దగ్గరగా పోయినా చాలు. పేపర్లో ఇలాంటి వార్త చదివిన ప్రతిసారీ నాకు తోచేది ఒకటే, ఆ రాడ్డును కిందే ముక్కలు కోసి పంపి ఉంటే పోయేది కదా అని.

బూట్లు, బెల్టు, ట్రైనింగ్: ఏది ఎంతవరకు

ముందుభాగంలో ఇనుప టోపీ ఉండే సేఫ్టీ బూట్లు 200 జౌళ్ల దెబ్బకు పరీక్షిస్తారు. సుమారుగా 20 కిలోలు మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే దెబ్బ అది. బేస్ ప్లేటు మోకాలి ఎత్తు నుంచి జారితే ఆ బూటు వేళ్లను కాపాడుతుంది, చెప్పులేసుకున్నవాడి వేళ్లు చితికిపోతాయి, కాబట్టి బూట్లు దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అయితే 46 కిలోల రాడ్డు మొత్తంగా మీటరు ఎత్తు నుంచి పడితే 450 జౌళ్లు. బూట్లు ఇచ్చాం కాబట్టి ఇంకేం అవసరం లేదన్న వాదన అక్కడ నిలబడదు. గ్లౌజులూ అంతే, షీటు అంచు కోతకు అవి మంచి రక్షణ, కానీ డ్రిల్లింగ్ మెషిన్, లేత్ లాంటి తిరిగే వాటి దగ్గర అవే చేతిని లోపలికి లాగేస్తాయి.

నడుము బెల్టు మీద వాదన పాతది. కట్టుకున్నవాళ్లలో చాలామంది ధైర్యంగా, బిగువుగా ఉంటుందని చెబుతారు, మన హమాలీలు తువ్వాలు బిగించి కట్టేది కూడా అందుకే, ఆ మాటను తీసిపారేయనక్కర్లేదు. కానీ 2000లో అమెరికాలో దుకాణాల్లో సరుకు మోసే వేలమంది మీద జరిపిన పెద్ద పరిశీలనలో, బెల్టు వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ నడుము నొప్పిలో తేడా కనపడలేదు.

ఇక అందరూ చెప్పే సలహా: నడుం వంచకు, మోకాళ్లు వంచి ఎత్తు. ఇందులో తప్పేం లేదు. కానీ ఇలా ఎత్తడం నేర్పించే శిక్షణల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2011లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షిస్తే, శిక్షణ వల్ల నడుము నొప్పి తగ్గినట్టు ఆధారం దొరకలేదు. శిక్షణను సమర్థించేవాళ్లు దీనికి చెప్పే జవాబు కూడా వినాలి: గంటసేపు క్లాసు చెప్పి వదిలేస్తే ఏదీ పనిచేయదు, అదే రోజూ పక్కన ఉండి చూపిస్తే వేరుగా ఉంటుందని. కావచ్చు. నాకు మాత్రం ఇందులో కనిపించే ఇబ్బంది వేరు. ప్లేటు వెడల్పు 60 సెంటీమీటర్లు ఉంటే మోకాళ్లు వంచినా అది మోకాళ్ల మధ్యలో పట్టదు, మళ్లీ ముందుకే చాచి పట్టుకోవాలి. చేయడానికి వీల్లేని పద్ధతి నేర్పించి, దెబ్బ తగిలాక "చెప్పినట్టు ఎత్తలేదు" అనడం అన్యాయం.

టన్నుకింత కూలీ: తొందర ఎవరిది

ఇనుము దింపే పని మన దగ్గర ఎక్కువగా ముఠాలు, అంటే కలిసి పనిచేసే హమాలీల జట్లు చేస్తాయి, కూలీ టన్ను లెక్కన. ఎంత తొందరగా దింపితే అంత తొందరగా ఇంకో లారీ. అందుకే మేమేం తొందరపెట్టలేదు, వాళ్లే పరుగులు పెట్టారు అని యజమానులు అంటారు. అందులో కొంత నిజముంది. హైడ్రా క్రేన్ పిలిస్తే కూలీ పోతుందని ముఠావాళ్లే ఒద్దన్న సందర్భాలూ ఉంటాయి. చిన్న కొట్టువాళ్ల ఇబ్బంది ఇంకోటి: సందులోకి క్రేన్ రాదు, వచ్చినా రెండు టన్నులు దింపడానికి ఇచ్చే అద్దె సరుకు మీద మిగిలే లాభాన్ని తినేస్తుంది.

అయినా తొందరకు ధర పెట్టింది టన్ను లెక్కే. ఒక రాడ్డుకు బదులు ఐదు మోస్తే ఐదింతలు వచ్చే చోట, రెండే మోయమని చెప్పడం వాళ్ల జేబులోంచి తీసుకోవడమే అవుతుంది. రోజుకూలీ చేస్తే తొందర తగ్గుతుంది గానీ ఆదాయమూ తగ్గొచ్చు, అందుకే కార్మికుల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. క్రేన్ వాడినా టన్నుకు కొంత కూలీ ముఠాకు ఇవ్వడం అనే మధ్యేమార్గం ఉంది, తాడు కట్టేది, సర్దేది ఎలాగూ వాళ్లే కదా.

దెబ్బ తగిలాక వచ్చే డబ్బు: ఒకే వేలు, రెండు లెక్కలు

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి, ఒకే దెబ్బకు రెండూ రావు. పనిచేసే చోట ఈఎస్ఐ, అంటే జీతంలో కొంత కోసి కట్టే ప్రభుత్వ కార్మిక బీమా ఉంటే ఈఎస్ఐ ఇస్తుంది. లేకపోతే యజమాని తన జేబులోంచో బీమా ద్వారానో పరిహారం కట్టాలి. ఇంతకాలం ఇవి 1948 నాటి ఈఎస్ఐ చట్టం, 1923 నాటి పరిహార చట్టం కింద నడిచాయి, ఇప్పుడు రెండూ ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే కొనసాగింది.

30 ఏళ్ల మనిషి, నెల జీతం 18,000, ప్లేటు కింద పడి చూపుడువేలు మొత్తం పోయింది అనుకుందాం. ఏ వేలు పోతే సంపాదించే శక్తి ఎంత తగ్గినట్టో చెప్పే చట్టపు పట్టికలో చూపుడువేలికి 14 శాతం, బొటనవేలికి 30, ఒక చేతి నాలుగు వేళ్లకు 50. యజమాని కట్టే దారిలో, జీతం ఎంతున్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు, ఈ పరిమితి 2020 జనవరి నుంచి ఉంది. అందులో 60 శాతం 9,000. 30 ఏళ్ల వయసుకు నిర్ణయించిన గుణకం 207.98. గుణిస్తే 18,71,820. అందులో 14 శాతం, 2,62,055 రూపాయలు, ఒకేసారి.

ఈఎస్ఐ దారిలో నెలకు 21,000 లోపు జీతం కాబట్టి అతనికి వర్తిస్తుంది. రోజు జీతం సుమారు 600, అందులో 90 శాతం 540, దానిలో 14 శాతం దాదాపు 76 రూపాయలు. నెలకు 2,270 దాకా, బతికున్నంతకాలం. పదేళ్లు తిరక్కుండానే ఒకేసారి వచ్చే మొత్తాన్ని దాటేస్తుంది. పైగా దెబ్బ మానేదాకా పనికి పోలేని రోజులకు ఈఎస్ఐ 90 శాతం జీతం ఇస్తుంది, యజమాని కట్టే దారిలో అది నెల జీతంలో 25 శాతం చొప్పున పదిహేను రోజులకోసారి. అప్పు తీర్చాల్సినవాడికి ఒకేసారి వచ్చే డబ్బు నయం అనిపించొచ్చు, అది తప్పు కాదు, కానీ ఈఎస్ఐ దండగ కోత అని తిట్టుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

రెండు మాటలు తరచూ వినపడతాయి. "వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి." తన వ్యాపారానికి సంబంధించిన పనే కాంట్రాక్టర్‌తో చేయించుకుంటే అసలు యజమానే ముందు కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. "తాగి ఉన్నాడు." అది నిజమై, దెబ్బకు అదే కారణమైతే పరిహారం ఆగొచ్చు, కానీ మనిషి చనిపోతే లేదా పూర్తిగా పనికిరాకుండా పోతే ఆ సాకు చెల్లదు.

తేదీ లేని నొప్పి

వేలికి పట్టిక ఉంది. నడుముకు లేదు. ఫలానా రోజు, ఫలానా ప్లేటు ఎత్తుతుంటే డిస్క్ జారింది, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాడు అంటే అది ప్రమాదమే, సంపాదించే శక్తి ఎంత శాతం తగ్గిందో డాక్టరు అంచనా వేస్తాడు. కానీ ఇరవై ఏళ్లు మోసి మోసి అరిగిన నడుము? వృత్తి వల్ల వచ్చే జబ్బుల పట్టికలో సీసం విషం ఉంది, దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఉంది, బరువులెత్తడం వల్ల వచ్చే నడుము నొప్పి లేదు. పట్టికలో లేని జబ్బుకు, పని వల్లే వచ్చిందని నిరూపించాల్సింది కార్మికుడే.

యజమానుల తరఫు వాదనలో అర్థం లేకపోలేదు. నడుము నొప్పి కుర్చీలో కూర్చునేవాళ్లకూ వస్తుంది, వయసుతోనూ వస్తుంది, అంతా మా ఖాతాలో వేస్తే ఎలా అంటారు. అటువైపు కార్మికుల తరఫున అడగదగ్గది, ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాడి విషయంలో నిరూపణ భారం తిప్పి యజమాని మీద పెట్టమని. నాకు ఈ రెండోదే న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే ఎన్ని టన్నులు దిగాయో రాసుండేది కొట్టు రిజిస్టర్లోనే, హమాలీ దగ్గర ఏ కాగితమూ ఉండదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసమే 1976లో ఒక చట్టం చేశారు, అంటే వీళ్లకు ఒక్క యజమాని ఉండడన్న సంగతి ప్రభుత్వానికి యాభై ఏళ్ల కిందటే తెలుసు. ఒకే ముఠా పొద్దున ఒక కొట్టులో, మధ్యాహ్నం ఇంకో కొట్టులో, సాయంత్రం ఏదో సైటులో దింపుతుంది. 45 ఏళ్లకు నడుం వంగని మనిషి దరఖాస్తు తీసుకుని కూర్చుంటే, అందులో ప్రమాదం జరిగిన తేదీ అని ఒక గడి, యజమాని పేరు అని ఇంకో గడి ఉంటాయి.